కోపెన్‌హేగెన్ పడవలో మా చోటు కాచిన మనిషి

ఇది దెయ్యాల కథ అనుకుంటే ఇక్కడే ఆపేయండి. నేను అలాంటివి నమ్మే మనిషిని కాను. బ్యాంకులో కంప్యూటర్ సిస్టమ్స్ చూసుకునే ఉద్యోగం నాది. రికార్డులో లేనిది జరగలేదనుకోవడం అలవాటు. దెయ్యాలున్నాయంటే ఇవాళ్టికీ ఒప్పుకోను. కానీ మా ఆవిడ సరళ భ్రమపడిందని ఇకమీదట ఎవరైనా అంటే మాత్రం ఊరుకోను. ఆమె చూసినదాన్ని నేనూ చూశాను. చూడలేదని నలుగురిలో అబద్ధం ఆడింది నేను.

మేము సింగపూర్‌లో బుకిట్ పంజాంగ్‌లో ఉంటాం. కిందటి జూన్ సెలవుల్లో సరళ, నేను, మా అమ్మాయి నిత్య కోపెన్‌హేగెన్ చూడటానికి వెళ్లాం. పాత రేవు, నీటి ఒడ్డున రంగురంగుల ఇళ్లు, వాటి మధ్య కాలువల్లో తిరిగే టూరిస్టు పడవలు. మధ్యాహ్నం, మంచి ఎండ. పైకప్పు లేని పడవలో వెనకాల బెంచీ ఒకటి ఖాళీగా కనిపించింది. బయలుదేరడానికి ఇంకా సమయం ఉంది కదా, ఒడ్డున కాఫీ తెచ్చుకుందామనుకున్నాం.

నేను అలవాటు కొద్దీ బెంచీ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టాను. సింగపూర్‌లో తిండి దుకాణాలన్నీ ఒకచోట ఉండే ఏ హాకర్ సెంటర్‌లోనైనా టేబుల్ మీద ప్యాకెట్ పెట్టి వెళ్తే ఆ చోటు మనదే. దాన్నే అక్కడ చోప్ చేయడం అంటారు. ఎవరూ ముట్టుకోరు.

నిత్య తల పట్టుకుని సింగపూర్ యాసలో అంది, "నాన్నా, ప్లీజ్ లా! ఇక్కడ ఎవరికి తెలుస్తుంది? చెత్త అనుకుని పారేస్తారు."

కాఫీలతో తిరిగి వచ్చేసరికి పడవ నిండిపోయింది. మా బెంచీ మీద మాత్రం ఒక్కడే మనిషి, నీటి వైపు చివర. ముసలివాడు, నల్లగా, బక్కగా ఉన్నాడు. ఒంటికి మించిన ముతక ఉన్ని కోటు. కాళ్లకు చెప్పుల్లేవు. మా టిష్యూ ప్యాకెట్ మీద అరచెయ్యి ఆనించి, కాపలా ఉన్నట్టు కూర్చున్నాడు.

సరళని చూసి చెయ్యి తీశాడు. "కూకోండమ్మా. ఎవులినీ కూకోనీలేదు" అన్నాడు.

అది తెలుగు. అదీ మా ఆవిడ పుట్టింటి భీమిలి వైపు తెలుగు. ఆ మాట నేను నా చెవులతో విన్నాను. పరాయి దేశంలో తెలుగు మనిషి కనబడితే మనం ఏం చేస్తాం? ఏ ఊరు, ఎవరి పిల్లలు అని మొదలుపెడతాం. సరళ అతని పక్కన, నేను సరళ పక్కన కూర్చున్నాం. అడుగుదామని నేను ముందుకు వంగేలోగా పడవ కదిలింది. నిత్య మా ఫోటో తీయడానికి ముందుకు వెళ్లింది.

అక్కడ వంతెనలు బాగా కిందికి ఉంటాయి. తలలు వంచమని గైడు అమ్మాయి మైకులో చెప్పింది. అందరం వంగాం. కాసేపు చీకటి, నీళ్ల చప్పుడు. తల ఎత్తేసరికి అతను లేడు.

పడవ ఎక్కడా ఆగలేదు. నీళ్లలో ఏదీ పడిన చప్పుడు లేదు. గైడుని అడిగితే అలాంటి ముసలాయన ఎవరూ ఎక్కలేదంది. అతను కూర్చున్న చోట చెక్క తడిసి ఉంది. అంత ఎండలో మిగతా బెంచీ అంతా పొడిగా ఉంది. వంతెనకు ముందు నిత్య తీసిన ఫోటో ఇప్పటికీ ఉంది. అందులో అతను లేడు. తీసేటప్పుడు నిత్యకూ కనబడలేదట. కానీ సరళ, నేను బెంచీకి ఒక చివర ఇరుక్కుని ఉన్నాం. పక్కన మనిషికి చోటిచ్చి కూర్చున్నట్టే ఉన్నాం.

తిరిగి వచ్చాక సింగపూర్‌లోనే వుడ్‌ల్యాండ్స్‌లో మా స్నేహితుడు ప్రసాద్ ఇంట్లో భోజనాలప్పుడు సరళ ఇదంతా చెప్పింది. అందరూ నా వైపు తిరిగారు. "నువ్వూ చూశావా బావా?" అన్నాడు ప్రసాద్.

"జెట్‌లాగ్ రా బాబూ. తనకి సరిగ్గా నిద్ర లేదు" అన్నాను.

ఎందుకన్నానంటే, నన్ను చూసి నవ్వుతారని. అంతకన్నా గొప్ప కారణం ఏమీ లేదు. అందరూ నవ్వారు. సరళ నా వైపు ఒక్కసారి చూసి, కంచం తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి ఎక్కడ కలిసినా అదే పాట: "సరళగారూ, ఈ కుర్చీ ఖాళీయేనా, ఎవరైనా కూర్చుని ఉన్నారా?"

ఆమె నాతో పోట్లాడలేదు. నన్ను నిలదీయలేదు. నాకు ఏదైనా చెప్పడం మానేసింది, అంతే. ఆఫీసు సంగతులు, పుట్టింటి ఫోన్లు, ఏవీ లేవు. అడిగితే జవాబు. అంతకుమించి ఒక్క మాట లేదు.

పోయిన నెల ఒక విందులో ప్రసాద్ కొత్తగా వచ్చిన కుటుంబాల ముందు మళ్లీ ఆ కుర్చీ జోకు వేశాడు. నేను కంచం కింద పెట్టాను. పడవ, కోటు, భీమిలి మాట, తడి చెక్క, అన్నీ చెప్పాను.

"వదిలెయ్ బావా. ఇంట్లో అన్నం పెట్టట్లేదా ఏంటి?" అన్నాడు ప్రసాద్.

"పెడుతోంది. అబద్ధం ఆడింది నేను. నవ్వాలంటే నన్ను చూసి నవ్వండి."

ఎవరూ నవ్వలేదు. నిత్య తన అమ్మ వైపు చూసి, "సో హి సా ఇట్ ఆల్సో?" అంది. ఆ కుటుంబాల్లో ఒకాయన తర్వాత ఫోన్ చేసి, ఆ కోపెన్‌హేగెన్ వైపు ఓడలు ఒకప్పుడు మన తీరానికి వచ్చేవని, మనవాళ్లు వాటిలో పనికి వెళ్లి ఉండొచ్చని చెప్పాడు. ఉండొచ్చు. దాన్ని దీనికి అతికించే పని నేను చేయను. చూసింది చెప్పాను.

ఆ రోజు ఇంటికి వస్తుంటే ట్రైన్‌లో సరళ చాలా రోజుల తర్వాత తనంతట తాను మాట్లాడింది.

"వంతెన కింద ఆయన అడిగింది విన్నారా?"

నేను ఏమీ వినలేదు.

"'మనవేపుకి పడవెప్పుడెల్తాదమ్మా' అన్నాడు. నాకు తెలీదు తాతా అన్నాను. తలెత్తేసరికి లేడు. ఇంకేదైనా చెప్పి ఉండాల్సిందేమో అని మిమ్మల్ని అడుగుదామనుకున్నాను. మీరు చూడనే లేదన్నారు. ఇంకెవరిని అడగను?"

  ఆ మనిషి ఎవరో, ఎలా వచ్చాడో, ఎటు పోయాడో తెలియదు. ఆమెకు భుజం ఆనించి కూర్చున్న నాకు ఆ మాట ఎందుకు వినబడలేదో అసలు తెలియదు. కానీ అడగడం మాత్రం అడిగాడు. సరళ విన్నానంటే విన్నట్టే.