పక్కింటి పచ్చిపులుసు

మా ఆవిడ నల్లా దగ్గర జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. దవాఖానలో మోచేతి దాకా కట్టు వేసి, ఆరు వారాలు ఆ చేత్తో గ్లాసు కూడా ఎత్తొద్దన్నారు. ఆటోలో ఇంటికి వస్తుంటే ఆమె నొప్పి సంగతే ఎత్తలేదు.

"పొద్దుగాల చిక్కుడుకాయ తెచ్చి పెట్టిన. పాడైతది," అంది.

"నేను వండుతా," అన్నాను.

ఆమె నన్నొకసారి చూసి, ఆటో ఆయనతో "జర మెల్లగ పోనియ్యి తమ్మీ," అంది.

నేను రిటైరై అప్పటికి నాలుగు నెలలు. పొద్దున్నొకసారి, సాయంత్రమొకసారి మెదక్ బజారు చుట్టి రావడం తప్ప నాకు వేరే పని లేదు. వంటలో చాయ్ ఒక్కటే వచ్చు. అదీ పాలు పొంగకుండా ఆమె చూసుకుంటేనే.

వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని ఆమె చెప్పడం, లోపల నేను చేయడం. "నూనె పొయ్యండ్రి" అనేది. ఎంత అంటే "పోపుకు సరిపోయేంత" అనేది. మొదటిరోజు కుక్కర్ మూతకు రబ్బరు పెట్టడం మరిచాను. విజిల్ కోసం అరగంట ఎదురుచూశాను. విజిల్ రాలేదు కానీ పప్పు నీళ్ళు మాత్రం స్టవ్ మీదుగా గట్టు దిగి నా కాళ్ళ దాకా వచ్చాయి. ఆమె నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది.

అన్నిటికంటే జొన్నరొట్టె నన్ను ఏడిపించింది. ఉడుకు నీళ్ళతో పిండి కలిపి, పీట మీద అరచేత్తో తట్టి, చిరగకుండా పెనం మీదికి మార్చాలి. వారం రోజులు నా రొట్టె పెనం చేరేలోపే రెండు ముక్కలయ్యేది. వేళ్ళ చివర్లు కాలి బొబ్బలెక్కాయి. మూడో వారానికి రొట్టె గుండ్రంగా కాకపోయినా, ఒక్కటిగా దిగడం మొదలుపెట్టింది. పచ్చిపులుసు మాత్రం నాకు తొందరగానే పట్టుబడింది. చింతపండు రసంలో ఉల్లిగడ్డ, కాల్చిన పచ్చిమిర్చి నలిపి, వేయించిన నువ్వుల పొడి కలిపితే చాలు. పొయ్యితో గొడవ తక్కువ.

అలాంటి ఒక రోజు మా బావమరిది టేక్మాల్ నుంచి ఫోన్ చేశాడు. అక్కను చూడ్డానికి భార్యతో బస్సెక్కానన్నాడు. నేను హుషారుగా ఎనిమిది రొట్టెలు తట్టాను. టమాటా పప్పు, పచ్చిపులుసు చేశాను. వాళ్ళొచ్చి కాళ్ళు కడుక్కుని కూర్చున్నారు. నేనే వడ్డించాను. అతను పులుసు రెండోసారి పోయించుకుని గిన్నె ఎత్తి తాగాడు.

"అక్కా, పులుసు మస్తుగుంది. నీకు చెయ్యి లేకపాయె, ఎవరు చేసిండ్రు?"

నేను నోరు తెరిచేలోపే మా ఆవిడ అంది, "పక్కింటి ఆపా పంపింది. రొట్టెలు గూడ ఆమెనే."

నా చేతిలో గంటె అలాగే ఆగిపోయింది. ఆమె నా వైపు చూడలేదు.

అంతటితో ఆగినా బాగుండేది. మా బావమరిదికి మర్యాద ఎక్కువ. "ఇన్ని దినాలు మా అక్కకు అన్నం పెట్టింది, ఒక్క మాట చెప్పొస్త," అని చెయ్యి కడుక్కుని లేచాడు. "గిప్పుడెందుకు, ఎండల" అని మా ఆవిడ అంటుండగానే గేటు దాటాడు. నేను వెనకే పరుగెత్తాను.

పక్కింటి ఆపా వాకిట్లో బట్టలు ఆరేస్తోంది. ఆపా అంటే ఉర్దూలో అక్క, మా వీధంతా ఆమెను అలాగే పిలుస్తుంది. మా వంటింటి కిటికీ ఆమె దండేనికి ఎదురుగా ఉంటుంది. ఇతని మాటలన్నీ విని, తడిచీర భుజాన వేసుకుని నవ్వింది.

"నేనేం చెయ్యలే భయ్యా. అంత మీ బావనే. మూడు వారాల సంది చూస్తున్న. మొదటి దినం గా తట్టుడు సప్పుడుకు గోడకు మొల కొడుతుండనుకున్న!"

అతను నా వైపు తిరిగాడు. "బావా, నీ చేతులు చూపియ్యి."

చూపించాను. బొబ్బల మచ్చలు చూసి మా ఇంట్లోకి నడిచాడు. మా ఆవిడ తల వంచుకుని ఉంది.

"ఎందుకక్కా అట్ల చెప్పినవ్?"

"మొగనితోని వంట చేయిస్తున్నదని ఊర్లె అనుకుంటరని..."

"ఊర్లె ఎవరంటరు? అమ్మకు జరమొచ్చినప్పుడు నాయిన మనకు జొన్న గట్క వండలేదా? అడుగంటిన గట్క పెట్టి, గట్లనే తినాలె, బలమొస్తదన్నడు. నువ్వు నమ్మి రెండుసార్లు పెట్టించుకున్నవ్!"

మా ఆవిడ ముందు పెదవి బిగబట్టింది. తర్వాత ఆగలేక నవ్వింది. నవ్వుతుంటే కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఎడమ చేత్తో పక్కనున్న మరదలి కొంగు అందుకుని తుడుచుకుంది. చెయ్యి విరిగాక ఆమె నవ్వడం అదే మొదటిసారి.

నాలుగింటి బస్సుకు వాళ్ళు వెళ్ళిపోయాక అడిగాను, "నేను వండుడు అంత నామోషీనా?"

"మీరు వండుడు కాదు," అంది. "నా ఇంట్ల నా చెయ్యి పడకుంట అన్నీ అయితున్నయి. గా మాట చెప్ప బుద్ధి కాలే."

ఇన్ని రోజులూ రొట్టె గుండ్రంగా వచ్చిందా లేదా అన్నదే చూసుకున్నాను కానీ, ఆ కుర్చీలో కూర్చున్న మనిషిని చూసుకోలేదు.

మరునాడు కుర్చీని గుమ్మంలోంచి లోపలికి, గట్టు పక్కకు జరిపి, నానబెట్టిన చింతపండు గిన్నె ఆమె ముందు పెట్టాను. ఎడమ చేత్తో పిసికింది. సగం రసం గిన్నెలో, సగం చీర మీద పడింది.

"చూస్తరేంది, ఉల్లిగడ్డ కొయ్యండ్రి," అంది.