ఏటి రేవు దగ్గర రెండు దెబ్బలు

పానా అసలు పేరు సఫారీ గేటు దగ్గర ఎవరికీ గుర్తులేదు. నడుముకు ఎప్పుడూ ఒక పానా వేలాడుతుంది కాబట్టి అదే పేరైపోయింది. ఎవరి దగ్గరా చేరి నేర్చుకోలేదు, విప్పుతూ బిగిస్తూ బండి పని పట్టుకున్నాడు. పాతికేళ్ళుగా లోయలో జీపు నడుపుతున్నాడు. అందులో ఇరవై నాలుగేళ్ళు వెనక నిలబడి అడవిని చూపించింది అక్క మొగుడే.

అడవిలో మాట పనికిరాదు. బావ జీపు పైనున్న ఇనప కడ్డీ మీద వేలి కణుపుతో కొట్టేవాడు. ఒక దెబ్బంటే పోనీ, రెండంటే ఆగు. ఆగాక ఏ పొదలో చెవి కదిలిందో చూపించేవాడు.

"ఒరేయ్, బావ బతుకు కోరేవాడు బావమరిదంటారు. నిజమో అబద్ధమో నీ బ్రేకు చెప్పాలి," అని ఏడిపించేవాడు.

"నువ్వు కొట్టు బావా, బ్రేకు సంగతి నాకొదిలెయ్."

నిరుడు వానల చివర, గేటు మూసే వేళ దగ్గరపడుతుంటే, ఏటి రేవు దగ్గర బావ రెండు దెబ్బలు కొట్టాడు. పానా ఆగలేదు. రోజూ దాటే రేవే కదా అనుకున్నాడు. నడిమధ్యలో నీళ్ళు బండిని పట్టేశాయి. బావ దిగి నలుగురు సందర్శకుల్నీ ఒక్కొక్కరిగా చెయ్యి పట్టి ఒడ్డుకు చేర్చాడు. స్టీరింగు పట్టుకుని ఉండిపోయిన పానా కోసం ఐదోసారి తిరిగొస్తూ జారాడు. మూడో రోజుకు కింది మలుపులో దొరికాడు.

"ఆగమని కొట్టలేదా?" అని విచారణలో అడిగారు. "వినబడలేదండీ," అన్నాడు. అక్కకూ అదే చెప్పాడు.

ఏట్లోంచి లాగిన జీపును తనే విప్పి, ఆరబెట్టి, బిగించాడు. మళ్ళీ తిప్పిన మొదటిరోజే రేవు వాలులో వెనకనుంచి టక్, టక్. కాలు దానంతటది బ్రేకు మీద పడింది. తిరిగి చూస్తే కొత్త గైడు చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పక్షి కూడా కుయ్యలేదు. ఏటి చప్పుడొక్కటే.

ఆ సాయంత్రం వచ్చి, బావ కొట్టాడని అక్కతో అనేశాడు. అక్క గైడులకూ డ్రైవర్లకూ ఖాకీ చొక్కాలు కుడుతుంది. అప్పట్నుంచి రోజూ మిషను ఆపకుండానే అడిగేది, "ఇవాళా కొట్టాడా?"

"కొట్టాడక్కా."

ఆ మాట వింటేగానీ కంచం ముందు కూర్చునేది కాదు.

ఫిర్యాదులొచ్చాయి. మేనేజరు పిలిచాడు. "పానా, మనం టికెట్ తీసుకునేది జంతువులకయ్యా, దయ్యాలకు కాదు. ఇంకొక్కసారి ఊరికే ఆపావంటే తాళం ఇచ్చేసి షెడ్డులో కూర్చో."

ఆ మధ్యాహ్నం పానా బండి కిందికి దూరాడు. కడ్డీ మొదట్లో ఒక బోల్టు చేతికే ఊగింది. రబ్బరు వాషరు వెయ్యడం మరిచింది తనే. రేవు అంచున రాతిగట్టు ఎక్కి ముందు చక్రాలు దిగితే ఒకటి, వెనక చక్రాలు దిగితే రెండు. బోల్టును పట్టుకుని చాలాసేపు అలాగే పడుకున్నాడు. వదులు బోల్టును చూసి వదిలేసి రావడం మాత్రం ఆ చేతికి రాదు. వాషరు వేశాడు, బిగించాడు.

మర్నాడు రేవు వాలులో ఏ చప్పుడూ లేదు. వెనక బావ లేడని మొదటిసారి తెలిసింది. బండి ఆపాడు. నీళ్ళు మోకాలి లోతైనా లేవు.

"ఏముందిక్కడ?" అన్నారు సందర్శకులు.

"ఏమీ లేదండీ," అన్నాడు. అయినా బండి కదపలేకపోయాడు. చివరికి గైడే దాటించాడు.

మేనేజరు అడక్కముందే తాళం బల్లమీద పెట్టి ఇంటికి నడిచాడు.

"కొట్టాడా?" అంది అక్క.

"లేదక్కా. అది బోల్టు. నిన్న బిగించేశాను."

మిషను చక్రం ఆగింది. "ఇన్నాళ్ళూ?"

"బోల్టే." గుమ్మం పట్టుకున్నాడు. "ఆరోజు మాత్రం బావే కొట్టాడక్కా. రెండు. విన్నాను. నేనే ఆగలేదు."

సూది చొక్కా కాలరులో సగం దిగి ఉంది. అక్క దాన్నే చూస్తూ, "మళ్ళీ చెప్పు," అంది.

మళ్ళీ చెప్పాడు.

అక్క చెయ్యి ఎత్తి, మిషను చెక్క మీద వేలి కణుపుతో రెండుసార్లు కొట్టింది. టక్, టక్.

"ఇలాగేనా?"

పానా కుడికాలు గచ్చును గట్టిగా తొక్కి పట్టుకుంది.