నా పెండ్లిలో గ్యాసు లైటు

ఐదో తరగతితోనే చదువు మాని ధర్మవరంలో మగ్గం గుంతలోకి దిగినవాణ్ణి. రాయడం ఇదే మొదలు. తప్పులుంటే సర్దుకోండి.

ఇప్పుడు మా ఇంట్లో గ్యాసంటే వంటపొయ్యి. మా అవ్వకేమో గ్యాసంటే కడుపుబ్బరం. పెనుకొండ బస్టాండులో గోలీ సోడా తాగితే ముక్కులోకి ఎక్కేదీ గ్యాసే. గొప్పలు చెప్పేవాడు గ్యాసు కొడుతున్నట్టు. కానీ నా పెండ్లి నాటికి పల్లెల్లో పెండ్లి అనగానే గ్యాసంటే ఒక్కటే, లైటు. ఆ మాట వింటే ఇప్పటికీ నా తల వాలిపోతుంది.

నా పెండ్లి సోమందేపల్లి దగ్గర ఒక పల్లెలో జరిగింది. ఆడపెండ్లివాళ్లదీ నేత ఇల్లే. ఊర్లో కరెంటు లేదు. ధర్మవరం వియ్యంకుల ముందు తక్కువ కాకూడదని మా మామ హిందూపురం నుంచి గ్యాసు లైటునూ, దాన్ని వెలిగించే మనిషినీ పిలిపించాడు. పెండ్లికొడుకును ఊరేగించే మెరవణి ఆ లైటుతోనే అని మా నాయనకు ముందే కబురు పంపాడు.

పొద్దు వాలుతుండగా విడిది ఇంటి అరుగు మీద లైటాయన మేంటిలు కట్టాడు. అది చిన్న సంచి లాంటి గుడ్డ. వెలిగించే ముందు దాన్ని కాల్చాలి, కాల్చాడు. కాలినా ఆకారం పోదు, తెల్లగా అట్లే వేలాడుతుంది. లైటు అద్దం తీసి పక్కన పెట్టి ఆయన కిరసనూనె కోసం లోపలికి వెళ్లాడు.

నేను బాసికం కట్టుకుని పక్కనే కూర్చున్నాను. ఎంత సన్నటి నేతో! గుడ్డ కనబడితే రెండు వేళ్ల మధ్య పెట్టి నలిపి చూడటం మా నేతగాళ్ల అలవాటు. నా చెయ్యి దానంతటదే పోయింది. ముట్టుకోగానే మేంటిలు పొడి పొడి అయిపోయింది.

లైటాయన వచ్చి చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"ఏం పనబ్బా ఇది! చీర కొంగనుకుంటివా, పట్టి చూసేకి?"

"ఇంగొకటి కట్టన్నా."

"యాడుండాది? ఉండే ఇంగొకటీ బస్సులోనే చినిగిపాయ!"

మా మామ పరుగున వచ్చాడు. లైటు వైపు, నా వేళ్ల వైపు చూశాడు. అంతలో మా నాయన చుట్టాలతో బయటికొచ్చాడు.

"ఏం బావా, గ్యాసు లైటంటివే, యాడ? ఉత్త మాటలేనా?"

మావాళ్లంతా నవ్వారు. మామ తల దించుకుని, "తప్పయిపాయ బావా, లైటు చెడిపోయినాది" అన్నాడు.

అది నేను వినలేకపోయాను.

"మామ తప్పు లేదు నాయనా. నేనే నలిపేస్తి. నేత చూద్దామని."

నవ్వులు ఆగిపోయాయి. విడిదిలో పనులు చూడటానికి వచ్చిన పెండ్లికూతురు అవ్వ గడప లోపలి నుంచే, "తాళి కట్టకముందే దీపం ఆర్పె గదమ్మా!" అంది.

నాయన ముఖం నల్లబడింది. "పుట్టినప్పటి నుంచి మగ్గం కాడే ఉండావు. బూడిదకూ గుడ్డకూ తేడా తెలీదారా?" అన్నాడు. తర్వాత మామ చెయ్యి పట్టుకుని, "నిన్ను నలుగుర్లో నవ్వులపాలు చేస్తి బావా. ఇంటింటికీ లాంతర్లు అడుగు. మేమే మోస్తాం" అన్నాడు.

కూలోళ్లు మోసే లాంతర్లు మగపెండ్లివాళ్లు మోయడం ఆ ఊరు ఎన్నడూ చూడలేదు. అందరికంటే ముందు మా నాయన నడిచాడు, చేతిలో పొగబారిన లాంతరు. గడపల్లో నిలబడినవాళ్లు, "ఆయప్ప ఎవరు? కూలాయనా?" "కాదే, పెండ్లికొడుకు నాయనంట!" అనుకోవడం నాకు వినబడింది. ఆయనకూ వినబడే ఉంటుంది. ఆయన తిరిగి చూడలేదు, నేను తల ఎత్తలేదు.