ఎండ పొదుపు

మా అత్తగారిని ఈమధ్య వీధంతా మీటరత్త అంటోంది. అనరా మరి! కాలుగాలిన పిల్లిలా గంటకోసారి గుమ్మం పక్కనున్న కరెంటు మీటరు దగ్గరికెళ్లి, కళ్లజోడు పైకెత్తి అంకెలు చదువుతుంది, గొణుక్కుంటూ తిరిగొస్తుంది. ముప్పై ఏళ్లుగా ఇంట్లోనే బట్టలు కుడుతున్న మనిషి. బెత్తెడు గుడ్డముక్క కూడా పారేయదు.

మూడు నెలల కిందట మేడమీద సోలార్ పలకలు పెట్టించింది. ఖర్చులో పావు వంతు చేతి డబ్బు, మిగతాది బ్యాంకు అప్పు, ఐదేళ్ల వాయిదాలు. "ఇన్నాళ్లూ కరెంటుకి కట్టిందే వాయిదాకి కట్టండి. అప్పు తీరాక అంతా మిగులే" అన్నాడు బ్యాంకాయన. ఆ మాట పట్టుకునే సంతకం పెట్టింది. తీరా చూస్తే వాయిదా మొదలైంది గానీ బిల్లు తగ్గలేదు. మూడో బిల్లూ ఇలాగే వస్తే గుడ్డ అంచులు పోగులు లేవకుండా కుట్టే కొత్త ఓవర్‌లాక్ మిషను అమ్మేసి వాయిదాలు కడతానని శపథం చేసింది. పదేళ్లు కూడబెట్టి కొనుక్కున్న మిషను అది.

మూడో బిల్లూ అలాగే వచ్చింది. ఆవిడ మిషను కొనేవాడికి కబురు పంపింది. నాకు మనసొప్పక పలకలు బిగించిన ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేశాను.

అతను మేడెక్కి చూసి దిగాడు. "అంతా బాగానే ఉందమ్మా. పగలు ఏమేం వాడుతున్నారు?"

"ఏమీ వాడం నాయనా!" అత్తగారి గొంతులో గర్వం. "ఫాను కూడా వేయనివ్వను. పగలంతా కత్తిరింపులు, చేతికుట్టు. పొద్దుగూకాకే మిషన్లు, ఇస్త్రీ. సోలార్ కరెంటు పగలే వాడేస్తే ఇంకేం మిగులుతుంది?"

అతను నవ్వబోయి ఆగాడు. "దాచడానికి మీకు బ్యాటరీ లేదమ్మా. మిగిలింది లెక్కగట్టే కొత్త మీటరు ఇంకా రాలేదు. అప్పటిదాకా వాడనిదంతా పోయినట్టే. ఎండ వృథా చేయకండని ఆరోజే చెప్పాను కదా?"

"చేయలేదు కదయ్యా! ముట్టుకుంటే ఒట్టు!"

"దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలంటారు చూడండి. ఇది ఎండుండగానే."

అత్తగారు మెట్టుమీద కూలబడింది. "మూడు నెలల ఎండ పారబోశానే అమ్మాయ్" అని ఏడ్చింది. ఆవిడ అలా ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. నాకూ సిగ్గేసింది. మధ్యాహ్నం ఫాను వేసినందుకు మా ఆయన్ని రోజూ తిట్టింది నేనే మరి.

అంతలో గేటు దగ్గర ఆటో ఆగింది. మిషను కొనేవాడు దిగాడు. అత్తగారు కొంగుతో మొహం తుడుచుకుని లోపలికి వెళ్లింది. ఫాను వేసింది. ఇస్త్రీపెట్టె నా చేతిలో పెట్టింది. తను ఓవర్‌లాక్ ముందు కూర్చుని స్విచ్ నొక్కింది.

అతను కిటికీలోంచి తొంగిచూశాడు. "అమ్మా, మిషను ఇస్తానన్నారు..."

ఆవిడ తలెత్తలేదు.

"పనిలో ఉంది, కనిపించట్లేదా? పక్కకి జరగవయ్యా, ఎండ పోతోంది!"