ఓకే కొట్టెయ్యండి

జగ్గయ్యపేటలో మా నాన్నది ఇనుప సామాన్ల కొట్టు. మేకులు, గడియలు, తలుపు బందులు అమ్మేవాడు. నేను ఆ కొట్టు మీద కూర్చోకుండా అదే వీధిలో మేడ మీద గది తీసుకుని కంప్యూటర్లు బాగుచేయడం మొదలుపెట్టినప్పుడు ఆయనేమీ బాధపడలేదు. "అదీ హార్డ్‌వేరే అంటున్నారుగా, కానీ" అన్నాడు. రెండువేల నాలుగో అయిదో సంవత్సరం. నాకు ముప్ఫై దగ్గర పడుతున్నాయి.

అప్పట్లో మా చుట్టుపక్కల కంప్యూటర్లకు పట్టే వైరస్‌లు ఎక్కువగా పెన్‌డ్రైవుల వెంట వచ్చేవి. వాటిని తీసెయ్యడం పెద్ద పని కాదు. యాంటీవైరస్ సీడీ వేసి వదిలేస్తే గంటలో వెతికి చెరిపేసేది. తర్వాత ఒక చిన్న చిక్కు మిగిలేది. వైరస్ లోపలికి రాగానే, కంప్యూటర్ ఆన్ అయినప్పుడల్లా తనను నిద్ర లేపమని ఒక వరుస రాసి పెట్టుకునేది. యాంటీవైరస్ ఆ ఫైలును చెరిపేది గాని, ఈ వరుస జోలికి పోయేది కాదు. దాంతో మర్నాటి నుంచి ఆన్ చెయ్యగానే తెర మధ్యలో ఒక పెట్టె వచ్చి, ఫలానా ఫైలు కనబడటం లేదని ఇంగ్లీషులో చెప్పేది. కింద ఓకే అని బొత్తాం ఉండేది. నొక్కితే పోయేది, మర్నాడు మళ్ళీ వచ్చేది. దానివల్ల నష్టమేమీ లేదు. ఆ వరుస ఎక్కడుందో వెతికి తీసెయ్యడానికి పావుగంట పడుతుంది. ఆ పావుగంట నేను పెట్టేవాణ్ణి కాదు. "ఏం కాదండి, ఓకే కొట్టెయ్యండి" అని చెప్పి వచ్చేసేవాణ్ణి.

నందిగామలో కోర్టుకు దగ్గర్లో ఒకావిడ డీటీపీ సెంటర్ నడిపేవారు. యాభై దాటిన మనిషి. అంతకుముందు అదే గదిలో టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. టైపు నేర్చుకునేవాళ్ళు తగ్గిపోయాక మిషన్లు అమ్మేసి ఒక కంప్యూటర్, ప్రింటర్ కొన్నారు. అర్జీలు, శుభలేఖలు, చర్చి కరపత్రాలు కొట్టేవారు. తెలుగు ఆవిడంత వేగంగా కొట్టేవాళ్ళను నేను చూడలేదు. ఆ కంప్యూటర్లో వైరస్ తీసేసి వచ్చిన రెండో రోజే ఆవిడ ఫోన్ చేశారు.

"పోయిందన్నావు కదా బాబూ, మళ్ళీ ఏదో అడుగుతోందేంటి?"

"వైరస్ పోయిందండి. ఇది ఉత్త మెసేజే. రోజూ వస్తుంది. ఓకే కొట్టెయ్యండి."

"చదవక్కర్లేదా?"

"అక్కర్లేదండి."

ఆ రోజుల్లో ఆవిడ చేతిలో ఒక పెద్ద పని ఉండేది. చెవిటికల్లు నుంచి రిటైరైన బడి పంతులుగారొకరు వారానికి రెండుసార్లు బస్సులో వచ్చేవారు. చర్చిలో పాడుకోవడానికి ఆయన పాటలు కట్టేవారు. పత్తి తీసేటప్పుడు, మిరపకాయలు కోసేటప్పుడు కూలివాళ్ళు పాడుకునే వరసల్లోనే కట్టడం ఆయన పద్ధతి. వాటిని పుస్తకం వేయించాలని ఆయన కోరిక. పాతవి ఒక నోటుబుక్కులో రాసి ఉన్నాయి. తర్వాత చెయ్యి వణకడం మొదలై రాయడం మానేశారు. కొత్తవి ఆవిడ పక్కన బెంచీ మీద కూర్చుని పాడేవారు, ఆవిడ వింటూ నేరుగా కంప్యూటర్లో కొట్టేవారు. అవి ఇంకే కాగితం మీదా లేవు.

నాలుగు నెలలకు మళ్ళీ ఫోన్ వచ్చింది. "బాబూ, సిస్టమ్ లేవటం లేదు. లోపల టిక్కు టిక్కుమంటోంది." వెంటనే బస్సెక్కాను. వెళ్ళేసరికి పంతులుగారు బెంచీ మీద కూర్చుని ఉన్నారు. ఆ రోజు ఆయన వచ్చే రోజు. మూత విప్పి చెవి పెట్టి విన్నాను. హార్డ్‌డిస్క్ పోయింది.

"ఇంతకుముందు ఏమన్నా చూపించిందా అండి?" అని అడిగాను.

"పది రోజుల నుంచీ రెండు వస్తున్నాయి. ముందు నల్ల తెర మీద తెల్లక్షరాలు. ఎఫ్ వన్ నొక్కమంటే నొక్కేదాన్ని. తర్వాత నువ్వు చెప్పిన పెట్టె. దానికి ఓకే."

"ఆ తెల్లక్షరాలు ఏంటో చదివారా?"

"చదవక్కర్లేదన్నావుగా."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. జరిగింది జరిగినట్టు చెప్పారంతే. ఆ తెల్లక్షరాల్లో ఏముంటుందో నాకు తెలుసు. డిస్క్ పాడైపోబోతోంది, అందులోవి కాపీ తీసుకుని వెంటనే మార్చండి అని ఉంటుంది. పది రోజుల పాటు అది పొద్దున్నే చెబుతూనే ఉంది.

పంతులుగారు మా ఇద్దరి మొహాలూ చూసి, "నా నోటుబుక్కులోవి ఉన్నాయిగా" అన్నారు.

"అవి ఉన్నాయండి," అన్నారావిడ. "మీరు పాడినవే పోయినాయి."

అందులోవి బయటికి తీయగలరేమోనని డిస్కును నేను విజయవాడలో ఒక రిపేరు కొట్టుకు తీసుకెళ్ళాను. అక్కడి మనిషి ఆ చప్పుడు ఒకసారి విని నా చేతికి తిరిగి ఇచ్చేశాడు.

నేను కొత్త డిస్క్ బిగించి తెలుగు అక్షరాలు ఎక్కించిన రోజునే పంతులుగారు మళ్ళీ మొదటి నుంచి పాడటం మొదలుపెట్టారు. రెండో చరణం దగ్గర ఆగిపోయి కళ్ళు మూసుకునేవారు. ఒక్కోసారి ఆవిడే అందించేవారు. "ఒడ్డు కాదండీ, గట్టు అన్నారు మీరు. నా చేతికి గుర్తుంది" అనేవారు. అలా కొన్ని వారాల్లో ముప్ఫైకి పైగా తిరిగి వచ్చాయి. తొమ్మిది రాలేదు. అందులో ఒకటి, భార్య పోయినప్పుడు ఆయన కట్టుకున్నది. దానికి వరస మాత్రమే మిగిలింది. నేను వెళ్ళిన ఒక రోజు దాన్ని మాటలు లేకుండానే చివరిదాకా రాగం తీశారు. ఆవిడ కీబోర్డు మీది నుంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

ఆ రోజు ఆయన బస్సుకు వెళ్ళాక నేను, "తప్పు నాదేనండి" అన్నాను.

"నీదే," అన్నారావిడ. "నాదీ ఉంది. ఇన్నేళ్ళూ పిల్లలకి ఏం నేర్పా? మీటల వంక చూడొద్దు, కాగితం వంక చూడండి అని నేర్పా. నేనేమో కాగితం కూడా చూడకుండా కొట్టా" అన్నారు.

బయల్దేరే ముందు, ఆ పాత పెట్టెలాంటిది ఇంకా ఎక్కడెక్కడ వస్తూ ఉంటుందో గుర్తు చేసుకున్నాను. ఆ నెలంతా, ఓకే కొట్టెయ్యమని నేను చెప్పిన చోటికల్లా తిరిగాను. జగ్గయ్యపేటలో ఒక రైసుమిల్లు, చందర్లపాడులో ఒక ఎరువుల కొట్టు, ఇంకా నాలుగైదు. కంప్యూటర్ లేచేటప్పుడు ఏమేం నడవాలో రాసి ఉండే జాబితా తెరిచి, చచ్చిపోయిన ఫైలును పిలిచే వరుసను వెతికి, తీసేసి, మళ్ళీ ఆన్ చేసి చూపించేవాణ్ణి. ముక్త్యాలలో లారీల ఆఫీసు గుమస్తా మాత్రం ఒప్పుకోలేదు.

"అది వస్తేనే సిస్టమ్ పూర్తిగా లేచినట్టు మాకు గుర్తండి. తీసేస్తే ఎట్టా?"

ఎంత చెప్పినా వినలేదు. ఆ పెట్టెలో ఉన్నది పాత మాటే అని రెండుసార్లు చదివి నిర్ధారించుకుని, "ఇందులో ఒక్క అక్షరం మారినా నాకు ఫోన్ చెయ్యండి" అని చెప్పి వచ్చాను. ఆయన ఎప్పుడూ చెయ్యలేదు.

పుస్తకం మరుసటేడు వచ్చింది, ఆ తొమ్మిది పాటలు లేకుండా. పంతులుగారు జగ్గయ్యపేట వచ్చి ఒక ప్రతి నాకిచ్చారు. లోపల పాత పద్ధతిలో తప్పొప్పుల పట్టిక కూడా వేయించారు. దానిమీద రెండు నిమిషాలు మాట్లాడి, మా నాన్న కొట్లో ఒక తాళం కొనుక్కుని వెళ్ళారు.

నందిగామ ఆవిడ ఆ తర్వాత తెర మీద ఏం వచ్చినా ఫోన్ చేసేవారు. ప్రింటర్లో కాగితం అయిపోయిందన్న మెసేజైనా సరే, ఇంగ్లీషు మాటలు ఒక్కొక్కటే కూడబలుక్కుని చదివి వినిపించేవారు. సగంలోనే అదేంటో నాకు తెలిసిపోయేది. అయినా ఆవిడను చివరిదాకా చదవనిచ్చి, అప్పుడు జవాబు చెప్పేవాణ్ణి.