మంగళవారం చారు

వారాలు చేసుకుని చదువుకునే కుర్రాడికి పంచాంగంతో పనేముంది? ఎవరింట్లో విస్తరి వేశారో అదే ఆవేళ వారం. భద్రానికి సోమవారమంటే వకీలుగారిల్లు. అక్కడ నేతి వాసన వస్తుందే గాని నెయ్యి విస్తట్లోకి రాదు. శనివారానికి ఏ ఇల్లూ కుదరక అటుకులు నానబెట్టుకుని తినేవాడు. మంగళవారం మాత్రం, ఆ పేరు చెబితేనే వాడికి ఆకలి చచ్చిపోయేది. మంగళవారం పోలీసు ఇన్‌స్పెక్టరు శేషగిరిరావుగారిల్లు.

పాపం, ఆయన వాణ్ణి ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు. స్నానం చేసి, మడి కట్టుకుని పీట మీద కూర్చుంటే పోలీసులానే ఉండేవారు కాదు. కానీ ఆయన లాఠీ ఉందే, అది గుమ్మం పక్కన మేకుకి వేలాడుతూ ఉండేది. దాన్ని చూస్తూ ఎవడికి ముద్ద దిగుతుంది చెప్పండి! ఆయన భార్య బాలాత్రిపురసుందరిగారు మాత్రం చల్లని తల్లి. భద్రం ఆవిణ్ణి పిన్నిగారూ అనేవాడు. వాడు చాలండీ అంటున్నా వినకుండా, "వయసులో ఉన్నవాడివి, తిను నాయనా" అని మారు వడ్డించేది.

వాడి తల్లి రాజ్యం కలిదిండిలో వాళ్ళ వంటా వీళ్ళ వంటా చేసి బతుకుతోంది. ఏలూరులో కొత్తగా కాలేజీ పెట్టారని తెలిసి, కొడుకుని కొల్లేట్లో పడవెక్కించి పంపింది. "ఆ జెండాలూ జేజేలూ మనకొద్దు బాబూ. నిన్ను జైల్లో పెట్టారంటే నాకీ కొల్లేరే గతి" అని మరీ మరీ చెప్పింది. చెబితే వినే వయసా అది!

యుద్ధం ముగిసిన మరుసటి మాఘమాసం. ఆజాద్ హింద్ సైనికుల మీద కేసులు పెట్టారని కాలేజీ కుర్రాళ్ళంతా ఉడికిపోతున్నారు. సోమవారం దీపాలు పెట్టేవేళ కచేరీ మీది దొరల జెండా దింపేద్దామన్నారు. ప్రహరీగోడ నిండా గాజుపెంకులు. "భద్రంగాణ్ణి ఎత్తండ్రా, తేలిగ్గా ఉంటాడు" అన్నాడొకడు. వారాల తిండి మహిమ! వీడూ ఊపులో ఎక్కేశాడు. జెండా లాగి దూకేటప్పుడు పెంకు ఒకటి కుడి అరచేతిని అడ్డంగా చీరేసింది. తమ్మిలేరు గట్టున గడ్డిచేమంతాకు నలిపి పసరు పిండుకున్నాడు గాని, ఆ గాయం అంతటితో మూసుకునేదా!

తెల్లవారితే మంగళవారం. పోనీ మానేద్దామా? వారాలబ్బాయి రాలేదంటే ఏమైందో చూసి రమ్మని మనిషిని పంపుతారు. ఆ ఇంట్లో మనిషంటే కనిస్టీబే. కట్టు కట్టుకుని వెళదామా? అంతకంటే ఒప్పుకోలు ఇంకోటి లేదు. ఎడంచేత్తో తినడమన్న ఊసే లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చివరికి గుప్పిట మూసుకుని, దేవుడా దేవుడా అనుకుంటూ వెళ్ళి పీట మీద కూర్చున్నాడు.

"రాత్రి విన్నావుటే?" అంటున్నారు ఇన్‌స్పెక్టరుగారు భార్యతో. "కచేరీ గోడెక్కి జెండా దింపారు వెధవలు. పెంకుల మీద రక్తం ఉంది. ఇవాళ కాలేజీకెళ్ళి ఒక్కొక్కడి చెయ్యీ తిప్పి చూస్తాను. పై నుంచి తాఖీదు వచ్చింది. దొరికినవాడికి చదువూ లేదు, జైలే."

భద్రం గుప్పిట ఇంకా బిగించాడు. ఇంతలో ఔపోసన పట్టాలి. అన్నం ముందు కూర్చున్న బ్రాహ్మణ పిల్లాడు అరచెయ్యి గుంట చేసి అందులో నీళ్ళు పోసుకోక తప్పదు కదా! వేళ్ళు విప్పాడు. గాయం నోరు తెరిచింది. చేతిలో నీళ్ళు ఎర్రబడ్డాయి. గబుక్కున మింగేసి తలెత్తేసరికి ఎదురుగా నేతిగిన్నెతో పిన్నిగారు. ఆవిడ కళ్ళు వాడి చేతి మీదే ఉన్నాయి.

అయిపోయింది, అనుకున్నాడు. ఆవిడ నెయ్యి వేసి లోపలికి వెళ్ళిపోయింది.

పప్పులో ఆవకాయ కలిపాడు. కారం గాయంలోకి దిగి ప్రాణం జిల్లుమంది. కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి.

"ఏరా, ఏవిటా ఏడుపు?" అన్నారాయన.

"కారం... కారం గట్టిగా ఉందండి."

"కలిదిండి వాడివి, ఆవకాయకి ఏడుస్తావుట్రా? ఏదీ, ఇటు చూడు."

అప్పుడే లోపల్నుంచి ఆవిడ చారుగిన్నె తెచ్చింది. కుంపటి మీంచి దింపి నేరుగా తెచ్చిందేమో, ఇంకా తెర్లుతోంది. వంగి, గరిటెడు చారు తిన్నగా వాడి అరచేతిలో పోసేసింది.

భద్రం కెవ్వుమన్నాడు.

"కళ్ళు కనపడవుటే నీకు!" అని ఆయన గసిరారు.

"అయ్యో, నా చేతులు పడిపోను! లే నాయనా, లే" అంటూ ఆవిడ వాణ్ణి పెరట్లోకి లాక్కుపోయింది. కాలినచోట సిరా పోస్తే చల్లబడుతుందని బుడ్డిలో ఉన్నదంతా ఒంపేసింది. పాత చీర చింపి గట్టిగా కట్టు కట్టింది.

"కట్టు విప్పకు. ఎవరేనా అడిగితే ఇన్‌స్పెక్టరుగారినే అడగమను" అంది, వాడికి మాత్రమే వినపడేలా.

కాలేజీలో కుర్రాళ్ళని వరసగా నిలబెట్టారు. కనిస్టీబు ఒక్కొక్కడి చెయ్యీ తిరగేస్తూ వస్తున్నాడు. భద్రం దగ్గరికొచ్చి కట్టు ముడి మీద చెయ్యి వేశాడు. ఇన్‌స్పెక్టరుగారు ఆ సిరా మరకల కట్టుకేసి చూశారు, తర్వాత వాడి మొహంకేసి చూశారు. ఆ చూపు ఎంతకీ తెమలదే! భద్రానికి కొల్లేటి గట్టున నిలబడ్డ తల్లి కళ్ళ ముందు మెదిలింది.

"వాణ్ణి వదిలెయ్. పొద్దున్న మా ఇంట్లో, నా కళ్ళముందే చెయ్యి కాల్చుకున్నాడు" అన్నారాయన.

ఆవేళ ఎవరూ దొరకలేదు. వారం గడిచింది. మళ్ళీ మంగళవారం వచ్చింది. చెయ్యి ఇంకా పచ్చిగానే ఉంది. పిన్నిగారు చారుగిన్నెతో రాగానే భద్రం చెయ్యి దానంతటదే వెనక్కి పోయింది.

"చల్లార్చి తెచ్చాలే నాయనా" అందావిడ.

ఇన్‌స్పెక్టరుగారు ముద్ద కలుపుకుంటూ, తలెత్తకుండానే అన్నారు. "కాపరానికొచ్చిన దగ్గర్నుంచీ మీ పిన్ని వడ్డన చూస్తున్నానురా. ఒక్క మెతుకు విస్తరి బయట పడెయ్యలేదు ఏనాడూ."

ఆవిడ చేతిలో గరిటె గిన్నెకి తగిలి టకటకలాడింది. భద్రం నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది.

"తిను, కాలేజీకి వేళవుతోంది" అన్నారాయన.

తిన్నాడు. పై మంగళవారమూ వెళ్ళాడు, ఆ పై మంగళవారమూ వెళ్ళాడు. వెళ్ళక ఏం చేస్తాడు? రాలేదంటే మనిషిని పంపుతారు.