స్కోరుకు నేను చెప్పిన అబద్ధం

ఆ రోజు ఫస్ట్ షిఫ్టు దిగి గోదావరిఖనిలోని మా క్వార్టర్‌కు వస్తూ నాలుగు మెట్లెక్కి ఆగిపోయాను. ఒళ్లు కాలిపోతోంది. "ఏమైంది?" అని నా భార్య సరోజ అడిగితే, "ఏం కాలే, జర పడిశం పట్టింది" అన్నాను. నేను బొగ్గు బాయిలో, అంటే గనిలో, పంపు ఆపరేటర్‌ని. ఇరవై ఆరేళ్లుగా ఇంట్లో ఇదే జవాబు చెబుతున్నాను.

మరునాడు దవాఖానకు వెళితే టెస్టులో ఇన్‌ఫ్లుయెంజా అని తేలింది. ఒక సిస్టర్ ట్యాబ్ పట్టుకుని ప్రశ్నలు మొదలుపెట్టింది. జబ్బు ముదురుతుందో లేదో ఆ జవాబులను బట్టి ముందే అంచనా వేస్తారట. దాన్ని రిస్క్ స్కోరు అంటారు.

"ఆస్తమా ఉందా కాకా? ఆయాసం వస్తదా?"

"లేదు బిడ్డా."

"ఇన్‌హేలర్ గిట్ల వాడుతవా?"

"అసలే లేదు."

జవాబులు వాటంతటవే వచ్చేశాయి. బాయి పనివాళ్లకు కొన్నేళ్లకోసారి మెడికల్ పరీక్ష ఉంటుంది. అక్కడ డాక్టర్ ఏమడిగినా 'లేదు' అనడం నాకు అలవాటు. 'అన్‌ఫిట్' అన్న మాట వింటేనే నాకు భయం. నాలుగేళ్లుగా ఇన్‌హేలర్‌ను మంచిర్యాలలో కొనుక్కుని టిఫిన్ సంచిలో దాచుకుని వాడుతున్నాను. స్కోరు 'లో రిస్క్' అని చూపించింది. గోళీలిచ్చి ఇంటికి పంపారు. నేనైతే పరీక్ష పాసైనట్టు సంబరపడ్డాను.

మూడో రోజు పొద్దున మంచం మీంచి లేవలేకపోయాను. నా పెదవులు నల్లబడడం చూసి సరోజ ఆటో పిలిచింది. దవాఖానలో చూస్తే ఆక్సిజన్ ఎనభై నాలుగు శాతమే ఉంది. ఎక్స్‌రే చూసి డాక్టరమ్మ, "న్యుమోనియా, రెండు దిక్కులా ఉంది" అంది. ఐసీయూలో ముఖానికి ఊపిరి అందించే బైపాప్ మాస్కు బిగించారు. బతుకుతానని నాకు నమ్మకం లేదు.

డాక్టరమ్మ ట్యాబ్ తెచ్చి సరోజతో మాట్లాడింది. "స్కోరు ఏం చెప్పింది, పేషెంటుకు ఏమైంది, రెండూ పక్కపక్కన పెట్టి చూస్తున్నం. వేరే దిక్కు తయారైన ఈ స్కోరు లెక్క మనోళ్లకు పనికొస్తదో లేదో తెల్వాలె గద. ఈయన విషయంల తప్పింది. ఎందుకో సమజైతలేదు."

సరోజ వెంట తెచ్చిన నా టిఫిన్ సంచిలోంచి ఇన్‌హేలర్ తీసి ఆమె చేతిలో పెట్టింది. ఆ సంగతి ఆమెకు ఎప్పుడో తెలుసట. "నాలుగేండ్ల సంది వాడుతుండు మేడం. నౌకరి పోతదని ఫికరు."

జవాబులు మార్చి లెక్క వేస్తే 'హై రిస్క్' వచ్చింది. సిగ్గుతో నాకు ఏడుపొచ్చింది. డాక్టరమ్మ నా భుజం తట్టింది. "మందు మారుస్తున్న కాకా, ఫికర్ చెయ్యకు. తప్పు మాది సుత ఉంది. బాయి పనోళ్లను అడిగినంక ఇంటోళ్లను సుత అడగాలె."

ఐదో రోజు మాస్కు తీస్తే ఆక్సిజన్ మళ్లీ పడిపోయింది. మళ్లీ బిగించారు. పన్నెండో రోజు సరోజ భుజం పట్టుకుని ఇంటికి నడిచాను.

ఇప్పుడు ఆ ట్యాబ్‌లో 'ఇంటివాళ్లు ఏమన్నారు?' అనే ప్రశ్న కూడా చేర్చారు. నేనూ బాయి పనివాళ్లను పరీక్షించే డాక్టర్ దగ్గర అంతా ఒప్పుకున్నాను. అన్‌ఫిట్ చేస్తారనుకుంటే బాయిలోకి దిగే పని లేకుండా పైనే సర్ఫేస్ డ్యూటీ వేశారు. రోజూ ఎండలో పని చేస్తూ ఉక్కపోతను తిట్టుకుంటున్నాను.

నాలాంటి వాళ్లకు ఒక్కటే చెబుతాను. దవాఖానకు వెళ్లేటప్పుడు మీతో ఉండే మనిషిని వెంట తీసుకెళ్లండి, జవాబులు వాళ్లనే చెప్పనివ్వండి. ఆయాసం మనం దాచగలం కానీ, ఇంట్లో పక్కనే పడుకునే మనిషికి అది రోజూ వినబడుతూనే ఉంటుంది.